జవాబు చెప్పకూడదట

"మెడ ఎక్కడికీ పారిపోదు గానీ అమ్మాయ్, ముందు ఆ గిన్నె సంగతి చూడు," అన్నారు అత్తగారు వెనకనుంచి.

చూసుకుంటే నిజంగానే నా చెయ్యి మెడ మీద ఉంది. కుడిపక్క, దవడ కిందుగా, బఠాణీ గింజంత ముడి. సబ్బు నురగతోనే తడుముతున్నాను. ఆ ముడి మూడేళ్ళుగా అక్కడే ఉంది. పెరగలేదు, తరగలేదు, ఎడంపక్కన దాని జోడు కూడా ఉంది. ఇద్దరు డాక్టర్లు చూసి ఇది అందరికీ ఉండేదేనమ్మా అన్నారు. అయినా పొద్దున లేచింది మొదలు పళ్ళు తోముకునేటప్పుడొకసారి, పాలు పొంగేదాకా నిలబడ్డప్పుడొకసారి, బస్సులో కాలరు సర్దుకునే వంకన ఇంకోసారి తడిమి చూస్తూనే ఉంటాను. ఆఫీసుకెళ్ళాక పక్క సీటావిడ "మెడ మీద అదేంటి, తెల్లగా?" అని అడిగితే, ఎండిపోయిన సబ్బు. ఇంట్లో రెండు చేతులూ నావి కావు కదా, ఆ దొరికిన నాలుగు క్షణాలైనా వాటిని ఇలా తగలేసుకుంటున్నానే అని నామీద నాకే ఒళ్ళుమండుతుంది. కానీ వేళ్ళు నా మాట వినవు.

నేను పనిచేసేది స్కానింగ్ సెంటర్లో. డాక్టరు మైకులో గబగబా చెప్పుకుపోతారు, నేను చెవులకి ఫోన్లు తగిలించుకుని రిపోర్టులు టైపు చేస్తాను. రోజుకి అరవై, డెబ్బై. అన్నీ సవ్యంగా ఉన్నవాళ్ళకి కొత్తగా టైపు చేసే పని లేదు. కంప్యూటర్లో 'నార్మల్' అని ఓ ఫైలుంటుంది. అది తెరవడం, పేరూ వయసూ కొలతలూ మార్చడం, ప్రింటు కొట్టడం. ఆ తొందరలో ఒకసారి యాభయ్యేళ్ళ పెద్దమనిషి రిపోర్టులో 'గర్భాశయం సాధారణ పరిమాణంలో ఉంది' అని వెళ్ళిపోయింది. ఆయన కాయితం పట్టుకుని కౌంటరు దగ్గరకొచ్చి, "పోనీలెండమ్మా, అదైనా బాగుందన్నారు, సంతోషం" అన్నాడు. సెంటరంతా మూడురోజులు నవ్వుకుంది. నన్ను పిలిచి డాక్టరుగారు పెట్టిన చివాట్లు అలా ఉంచండి. నాకు నవ్వు రాకపోవడానికి కారణం వేరు. అంతకు వారం ముందే నా పొట్ట స్కాన్ చేయించుకున్నాను. ఆ రిపోర్టు టైపు చేసింది నేనే. అదే ఫైలు తెరిచి, నా పేరు కొట్టి, నా వయసు కొట్టి, నార్మల్ అని నాకు నేనే ప్రింటు తీసి ఇచ్చుకున్నాను. ఇంక ఆ కాయితాన్ని ఎవరు నమ్మినా నేనెలా నమ్మను?

మొదట గుండె అన్నాను. తర్వాత పొట్ట. ఆ తర్వాత రొమ్ము. పోయినేడాది మెదడు. ప్రతిసారీ రాత్రీపగలూ అదే ఆలోచన, ప్రతిసారీ పరీక్ష, ప్రతిసారీ ఏమీ లేదన్న మాట. ఆ మాట విన్నరోజు నాకు ఒళ్ళంతా తేలికైపోయేది. మొదట్లో ఆ ధైర్యం నెల్లాళ్ళు నిలిచేది. తర్వాత వారం. ఈమధ్య డాక్టరు గది దాటి మెట్లు దిగేలోపే, ఆయన నా కుడిపక్క సరిగ్గా చూశాడా, మాట్లాడుతూ చూశాడు కదా, అని మొదలైపోయేది. మా ఆయనకి మొదట జాలి, తర్వాత విసుగు, ఆ తర్వాత వేళాకోళం వచ్చాయి. "నీకేం, గుండ్రాయిలా ఉన్నావు. నీకంటే ముందు నన్ను పంపిస్తావు" అనేవారు. మా ఆడపడుచు ఫోన్ చేస్తే, "వదినకి ఈ వారం ఏ పార్టు?" అని అడిగేది. అత్తగారు మాత్రం ధర్మం తప్పకుండా, "మా రోజుల్లో జబ్బుపడటానికి తీరికేదీ" అని ఊరుకునేవారు. నాకూ తీరికలేదు. జబ్బేదైనా పొయ్యి ముందు నిలబడే పడుతుంటాను.

వీళ్ళంతా ఒక ఎత్తు, మా పాప ఒక ఎత్తు. దానికి పదిహేనేళ్ళు. బళ్ళో వక్తృత్వ పోటీ, ఊళ్ళోని అన్ని బళ్ళవాళ్ళూ వచ్చారు. రెండు వారాలు అద్దం ముందు నిలబడి బట్టీపట్టింది. నేను రెండో వరసలో కూర్చున్నాను. దాని పేరు పిలిచారు, అది మెట్లెక్కుతోంది, సరిగ్గా అప్పుడే నా ఎడంచెయ్యి తిమ్మిరెక్కింది. కుర్చీ చేతిమీద ఒత్తుకుపోయి ఎక్కింది, ఆ సంగతి ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలిసింది ఒక్కటే, గుండె ఆగిపోతోందని. లేచి, జనం కాళ్ళు తొక్కుకుంటూ బయటికి పరిగెత్తి, ఎదురుగా కనబడ్డ ఆసుపత్రికి పోయి ఈసీజీ తీయించుకున్నాను. తిరిగొచ్చేసరికి పోటీ అయిపోయింది. పాప గేటు దగ్గర రెండో బహుమతి పట్టుకుని నిలబడి ఉంది. ఏడవలేదు, అరవలేదు. "మధ్యలో నీ కుర్చీవైపు చూశానమ్మా. ఒక లైను మర్చిపోయాను" అంది. ఇంటికొచ్చి బూట్లు విప్పుకుంటూ, నావైపు చూడకుండానే, "నువ్వు నిజంగా చచ్చిపోయినా నేను నమ్మను తెలుసా" అంది.

ఆ మాట నా గుండెలో దిగబడింది. ఆ వారమే నా అంతట నేనే మనసు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని మా ఆయన్ని అడిగాను.

డాక్టరుగారు నా వయసావిడే. బల్ల మీద కాయితాలు తప్ప ఏమీలేవు. మా ఆయన నా పక్కన కూర్చుని, నాకు బదులు ఆయనే జవాబులు చెప్పడం మొదలెట్టారు. "అనుమానం డాక్టరుగారూ. తాడుని చూస్తే పామంటుంది. ఇంటిల్లిపాదికీ మనశ్శాంతి లేదు." ఆవిడ అంతా విని, కాసేపు బయట కూర్చోమన్నారు ఆయన్ని. అప్పుడు నన్నడిగారు, "ఎక్కడ నొప్పి?" అని. మూడేళ్ళలో ఎంతమంది అడగలేదు ఆ మాట! కానీ అందరూ కలం పట్టుకుని అడిగారు. ఈవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని అడిగారు. నేను చెబుతూనే పోయాను.

"నొప్పి అబద్ధం అని ఎవరన్నా ఒప్పుకోకండి. నొప్పి నిజం, దడ నిజం, తిమ్మిరీ నిజమే. దానికి మీరు పెడుతున్న పేరే తప్పు. ఒళ్ళన్నాక గంటకోసారి ఏదో ఒకటి అంటుంది. మిగతావాళ్ళు వినరు, మీరు వింటున్నారు. విని భయపడతారు, భయపడితే దడ, దడ పుడితే ఇంకా భయం. అప్పుడు ఎవర్నో అడుగుతారు, ఏం కాదంటారు, ఓ గంట హాయి. ఉప్పునీళ్ళు తాగి దాహం తీర్చుకోవడం అది. తాగినకొద్దీ ఇంకా కావాలి," అన్నారావిడ. నా జీవితంలో నా గురించి ఎవరూ అంత సరిగ్గా చెప్పలేదు. ఏడ్చాను.

మా ఆయన్ని లోపలికి పిలిచి మూడు పద్ధతులు చెప్పారు. రోజుకి ముడి తడమడం సగానికి తగ్గించాలి, తర్వాత అందులో సగం. భయం వచ్చినప్పుడల్లా నోటుబుక్కులో రాయాలి, ఎప్పుడు, ఎక్కడ, పదికి ఎంత అని. మూడోది ఇంట్లోవాళ్ళకి. "నాకేమైనా అవుతుందా, ఇది ఫలానా జబ్బేనా అని ఆవిడ అడిగితే మీరు జవాబు చెప్పకండి. ప్రేమగానే, చెప్పకండి. దగ్గర కూర్చోండి, చెయ్యి పట్టుకోండి, కానీ ఏం కాదులే అనొద్దు."

మా ఆయన ఈ లోకంలో ఏ డాక్టరు మాటా విన్న మనిషి కాదు. తన రక్తపోటు మాత్రలు నేను చేతిలో పెట్టి నీళ్ళు అందిస్తే తప్ప మింగరు. కానీ ఈ మూడో పద్ధతిని మాత్రం వేదవాక్కులా పాటించారు. చెయ్యి పట్టుకోమన్న సంగతి గుమ్మం దాటేలోపే మర్చిపోయారు. జవాబు చెప్పొద్దన్నది గుర్తుంది. "తలనొప్పిగా ఉంది, కాస్త బట్టలు ఆరేస్తారా?" అంటే, "చూశావా, మళ్ళీ ఒంటి సంగతి. డాక్టరమ్మ జవాబు చెప్పకూడదంది." "సాయంత్రం తొందరగా వస్తారా, అత్తయ్యని కళ్ళ డాక్టరుకి చూపించాలి" అంటే, "డాక్టర్ల పేరెత్తొద్దు నువ్వు." వారం తిరక్కుండా అత్తగారూ నేర్చుకున్నారు. జలుబుచేసి నేను తుమ్మితే చాలు, పెదాలమీద వేలు పెట్టుకుని, "ఉష్... జవాబు చెప్పకూడదట" అని నవ్వేవారు. రోకలి చేతికిచ్చాక దంచకుండా ఎవరుంటారు?

అయినా, నిజం చెప్పాలి, డాక్టరుగారి వైద్యం పనిచేసింది. ముడి తడమడం నలభై నుంచి ఇరవైకి, ఇరవై నుంచి ఆరుకి వచ్చింది. నోటుబుక్కులో పదికి తొమ్మిదులు ఐదులయ్యాయి. మొండిగా చేశాను. పాప కోసం చేశాను. దడ వచ్చినా మేడమెట్లు ఆగకుండా ఎక్కి, పైన నిలబడి, చావలేదు కదా అని రాసుకున్నాను. నాలుగోసారి వెళ్ళినప్పుడు డాక్టరుగారు నోటుబుక్కు తిరగేసి, "మీరు ప్రతిసారీ ఒకే చోట ఆగిపోతున్నారు. 'క్యాన్సరేమో' అని రాసి ఆపేశారు. 'పక్షవాతమేమో' అని ఆపేశారు. వచ్చిందే అనుకోండి. ఆ తర్వాత? చివరిదాకా రాసుకురండి. ఏ భయమైనా సగంలో ఆపితేనే పెద్దగా కనిపిస్తుంది," అన్నారు.

సరేనని ఆదివారం మధ్యాహ్నం, ఇల్లంతా తిని పడుకున్నాక, వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాశాను. పక్షవాతమే తీసుకున్నాను. పడిపోతాను. ఆసుపత్రికి తీసుకెళతారు. ఇరవై రోజులకి ఇంటికి పంపిస్తారు. కుడిచెయ్యి, కుడికాలు లేవవు. వెనక గదిలో మంచం వేస్తారు. అక్కడిదాకా చెయ్యి గబగబా నడిచింది. తర్వాత, 'పొద్దున లేవగానే' అని రాసి ఆగిపోయాను. పొద్దున లేవగానే ఎవరో వచ్చి దుప్పటి తియ్యాలి. తీసింది ఎవరో నాకు కనబడలేదు.

ఆ వెనక గది నాకు కొత్త కాదు. అందులో మా మామగారు ఇరవైరెండు నెలలు మంచం మీదున్నారు. పక్షవాతమే. రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే వీపు పుండు పడుతుందని నర్సు నేర్పించి పోయింది. నాకే నేర్పించింది, ఎందుకంటే గదిలో నిలబడింది నేనొక్కదాన్నే. ఆఫీసు మధ్యాహ్నం పూటకి మార్చుకున్నాను. పొద్దున ఆయన్ని తుడవడం, బట్టలు మార్చడం, చెంచాతో గంజి పట్టడం, గొంతుకడ్డం పడితే వీపు నిమరడం, మలం బేసిను ఎత్తిపోయడం. మామగారు మర్యాదస్తులు. మొదటి నెలంతా నేను తుడుస్తుంటే కళ్ళు మూసుకునే ఉండేవారు, మూసిన కళ్ళలోంచే నీళ్ళు కారేవి. మా ఆయన రోజూ ఆఫీసుకి వెళ్ళేముందు గుమ్మందాకా వచ్చి, జేబురుమాలు ముక్కుకి పెట్టుకుని, "ఎలా ఉంది నాన్నా?" అని అడిగి వెళ్ళేవారు. ఒక్కసారి, నాకు నడుం పట్టేసి లేవలేకపోతే, పక్క మార్చమని అడిగాను. "ఇవన్నీ మగవాళ్ళకి చేతకావే" అన్నారు. చేతకావడానికి అందులో విద్యేముంది? మామగారు పోయాక బంధువులంతా, "కూతురు కూడా ఇంతలా చెయ్యదు, బంగారంలాంటి కోడలు" అని నా బుగ్గలు పుణికారు. ఆ తర్వాత నాలుగో నెల్లోనే నాకు మొదటిసారి గుండెదడ వచ్చింది.

ఇది మూడేళ్ళలో నాకొక్కసారీ తట్టలేదు. ఆ పాడు ముడిని తడమడానికే సరిపోయింది. నోటుబుక్కులో పెద్దక్షరాలతో రాసుకున్నాను: నాకు భయం జబ్బంటే కాదు. ఈ ఇంట్లో జబ్బుపడటమంటే.

సాయంత్రం బట్టలు ఇస్త్రీ చేస్తున్నాను. మా ఆయన సోఫాలో ఫోను చూసుకుంటున్నారు. అత్తగారు పక్కన. పాప బల్ల దగ్గర లెక్కలు చేసుకుంటోంది. మామూలుగానే అడుగుదామనుకున్నాను, మామూలుగానే అడిగాను.

"ఏవండీ, మామయ్యగారిలా నేనూ మంచాన పడితే నన్నెవరు చూస్తారు?"

"ఇదిగో, మొదలెట్టావా? జవాబు చెప్పకూడదట."

"నాకు జబ్బుందా అని అడగట్లేదు. వస్తే ఎవరు చూస్తారని అడుగుతున్నాను. ఇది అడగొచ్చు."

ఆయన తల ఎత్తలేదు. ఎత్తేంత కష్టమైన ప్రశ్న కాదది ఆయనకి. "పాప ఉందిగా," అన్నారు.

వైద్యం మొదలైన ఆ మూడు నెలల్లో ఆయన నా ప్రశ్నకి చెప్పిన మొట్టమొదటి జవాబు అది. తడుముకోలేదు, ఆలోచించలేదు. ఎప్పటినుంచో సిద్ధంగా ఉన్న జవాబు. అత్తగారు అందుకున్నారు, "ఆడపిల్లని కన్నావు, నీకేం లోటమ్మాయ్? నాకు నువ్వు లేవూ, అలాగే." ఆవిడ నిజంగా నాకు ధైర్యం చెబుతున్నాననుకున్నారు పాపం.

నేను పాపవైపు చూశాను. చీదరించుకుంటుందనుకున్నాను, ఎప్పటిలా కళ్ళు తిప్పుతుందనుకున్నాను. అలా చేసి ఉంటే బాగుండేది. అది పెన్సిలు చెవి వెనక పెట్టుకుని, "చూస్తాలే అమ్మా, ఎందుకంత ఇదైపోతావు" అంది. అచ్చం నా గొంతు. అచ్చం నేను ఇరవైయేళ్ళుగా అందరితో అంటున్న 'చూస్తాలే.' అనేసి లేచి, నాయనమ్మ చేతిలో ఖాళీ అయిన గ్లాసు ఎవరూ చెప్పకుండానే తీసుకుని, లోపలికెళ్ళి మంచినీళ్ళు నింపుకొచ్చింది. ఇస్త్రీపెట్టె చొక్కా మీద అలాగే ఉండిపోయింది, మాడువాసన వచ్చాక ఎత్తాను.

మర్నాడు డాక్టరుగారి దగ్గర నోటుబుక్కు తెరవలేదు. భయం పదికి ఎంత అని ఆవిడ అడిగితే, "ఒకటి" అన్నాను. అబద్ధం కాదది. ఏమవుతుందో తెలియనప్పుడే కదా భయం. తెలిసిపోయాక మిగిలేదానికి ఆవిడ దగ్గర నంబరు లేదు. ఆవిడ చాలా సంతోషించారు. మా ఆయన్ని లోపలికి పిలిచి, ఇంట్లోవాళ్ళ సహకారం లేకపోతే ఇంత తొందరగా తగ్గదండీ అని మెచ్చుకున్నారు. "నాదేముంది డాక్టరుగారూ, మీరు చెప్పినట్టు నోరు మూసుకున్నాను" అన్నారాయన, సిగ్గుపడుతూ. నేను కాదనలేదు. ఆవిడ మంచివారు. ఆవిడ చేతిలో ఉన్నది ఆవిడ బాగుచేశారు. మిగిలింది ఏ వైద్యానికీ లొంగేది కాదు, అది ఆవిడకి చెప్పి ఏం లాభం?

అక్కణ్ణుంచి ఆఫీసుకి పోకుండా పాప బడికి వెళ్ళాను. పై చదువుకి హాస్టలుండే బళ్ళ వివరాలు అడిగాను. గుమాస్తా నాలుగు కాయితాలు ముందుపెట్టి, "ఇదైతే దగ్గరమ్మా, వారం వారం ఇంటికి రావచ్చు" అంది. అన్నిటికన్నా దూరం ఏదని అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, అడుగునున్న కాయితం లాగింది. ఓ పగలూ ఓ రాత్రీ ప్రయాణం, ఏడాదికి రెండుసార్లే సెలవులు. మంచి పేరున్న బడి, మా ఆయన నలుగురిలో గొప్పగా చెప్పుకోవడానికి పనికొస్తుంది, కాబట్టి అడ్డుచెప్పరు. ఆ దరఖాస్తులో తండ్రి లేదా తల్లి అన్నచోట నేను సంతకం పెట్టేశాను. పాప సంతకం ఒక్కటే మిగిలింది.

ఇంటికొచ్చి కాయితం దాని ముందు పెడితే, రెండుసార్లు చదివింది. మొహం ఎర్రబడింది.

"నన్ను వదిలించుకుంటున్నావా?"

కలం మూత తీసి దాని చేతికిచ్చాను.

"అయినా నాకు తెలీదా? అక్కడికెళ్ళిన పది రోజులకే ఫోన్ చేసి ఒంట్లో బాలేదు, వచ్చెయ్ అంటావు."

"నేను చెయ్యను," అన్నాను. "మీ నాన్న చేస్తారు. ఎప్పుడో నీకు తెలీదు. ఇరవైయేళ్ళకో, ముప్పయ్యేళ్ళకో. నువ్వు ఉద్యోగంలో ఉంటావు. అమ్మ లేవట్లేదు, చూసేవాళ్ళు లేరు, వచ్చెయ్ అంటారు."

"అప్పుడు కూడా ఏమీ లేకుండానే..."

"కాదు. అప్పుడది నిజమే అయ్యుంటుంది."

పాప కలం పక్కన పెట్టేసింది. దాని కళ్ళలో మొదటిసారి భయం చూశాను, నాకు మూడేళ్ళుగా బాగా తెలిసిన భయమే. "నిజమైతే వస్తానమ్మా. రాకుండా ఎలా ఉంటాను?" అంది చిన్నగా.

కలం తీసి మళ్ళీ దాని వేళ్ళ మధ్య పెట్టాను.

"రావద్దు," అన్నాను.